2012 స్విఫ్ట్ డీజిల్: బోరు పని చేయించాలా, పాత ఇంజన్ తెచ్చి ఎక్కించాలా?

#1 వీడీఐ_ఖమ్మం

బండి 2012 స్విఫ్ట్ వీడీఐ, 1,92,000 కి.మీ. తిరిగింది. పొద్దున్నే మూడు నాలుగు సార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోదు. వెయ్యి కిలోమీటర్లకి ముప్పావు లీటరు ఆయిల్ తాగుతోంది. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత తీస్తే పొగ తన్నుకొస్తోంది. షెడ్డులో చెప్పింది ఇది: ఇంజన్ దించి పూర్తి బోరు పని (సిలిండర్లు కోసి, కొత్త పిస్టన్లు వేసి మళ్ళీ కట్టడం) చేస్తే 85 వేలు. విజయవాడ నుంచి పాత ఇంజన్ తెచ్చి ఎక్కిస్తే 55 వేలు, మూడు రోజుల్లో బండి చేతికి. బాడీకి తుప్పు లేదు, గేర్‌బాక్స్, ఏసీ శుభ్రంగా ఉన్నాయి. తేడా 30 వేలు కాబట్టి పాత ఇంజనే నయమనిపిస్తోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

#2 బోర్‌గేజ్

కొలత తీయకుండా చెప్పిన రేటు రెండిట్లో ఏదైనా ఊహే. ఇది ఫియట్ మల్టీజెట్ కుటుంబం ఇంజన్: 1248 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 69.6 ఎంఎం, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 82 ఎంఎం. సిలిండర్లుండే బ్లాకు పోత ఇనుము, దాని మీద మూతలా ఉండే హెడ్ అల్యూమినియం. బోరు వేసి మళ్ళీ కట్టుకోవడానికి పనికొచ్చే బ్లాకే. కానీ పొగ, ఆయిల్ తాగడం అనగానే పిస్టన్ చుట్టూ ఉండే రింగులే అనుకోకండి. ఇంజన్ దించకముందే మూడు పరీక్షలు చేయించండి.

ఒకటి, ఇంజన్ వేడి మీద గ్లో ప్లగ్గులు (స్టార్ట్ చేసేటప్పుడు సిలిండర్‌ని వేడిచేసేవి) తీసి, ఇంజెక్టర్ కనెక్టర్లు ఊడదీసి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే గాలిని ఎంత నొక్కుతున్నాయో చూడటం. డీజిల్ గేజీతోనే చూడాలి, పెట్రోల్ గేజీ ఈ ప్రెషర్‌కి ఆగదు. అన్నీ 25 బార్ పైన, దగ్గర దగ్గరగా ఉంటే బోరు జోలికే పోవద్దు. ఏ రెండిటికైనా 3 బార్ మించి తేడా ఉంటే లోపల ఏదో ఉంది.

రెండు, తక్కువ వచ్చిన సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి పెట్టి వినడం. ఆ పిస్టన్ టాప్ డెడ్ సెంటర్‌లో, అంటే పూర్తిగా పైన ఉండాలి, బండి గేరులో పెట్టి క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరక్కుండా ఆపాలి. గాలి ఆయిల్ మూతలోంచి వస్తే రింగులు, బోరు. సైలెన్సర్ వైపు బుసకొడితే ఎగ్జాస్ట్ వాల్వు. ఎయిర్ ఫిల్టర్ వైపయితే ఇన్‌టేక్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ బ్లాకుకీ మధ్య పొర) గానీ హెడ్ పగులు గానీ.

మూడు, ఆయిల్ ప్రెషర్. ఆయిల్ స్విచ్ తీసి ఆ చోట గేజీ బిగించాలి. వేడెక్కిన ఇంజన్ ఐడిలింగ్‌లో 1 బార్ కూడా చూపించకపోతే బేరింగులో పంపో అరిగినట్టే. అప్పుడిక పై పనితో సరిపోదు, క్రాంకు దాకా వెళ్ళాల్సిందే.

సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్ళీ కంప్రెషన్ చూద్దామంటారు కొందరు మెకానిక్కులు. పెట్రోల్ బండికి పనికొచ్చే చిట్కా అది. డీజిల్‌లో పిస్టన్ పైన మిగిలే చోటు బాగా తక్కువ, రెండు చెంచాలు పోసినా రీడింగ్ ఉన్నదానికన్నా పెరిగిపోతుంది. దాన్నిబట్టి ఏదీ తేల్చలేం.

#3 రైల్‌ప్రెషర్

వాటికి ముందు టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టేది) ఇన్‌టేక్ పైపు ఊడదీసి వేలు పెట్టి చూడండి. లోపల ఆయిల్ మడుగు కట్టి, టర్బో చక్రం పక్కలకి ఊగుతుంటే ఆయిల్ పోయేది అక్కడే. టర్బో సీల్ పోయినా నీలి పొగే వస్తుంది, రింగులు పోయినా నీలి పొగే. ఇంజన్‌లోంచి వచ్చే ఆవిరి గొట్టం, అదే బ్రీదర్, మూసుకుపోయినా ఆయిల్ మూత దగ్గర పొగ కొడుతుంది. 10 వేలలో పోయేదానికి 85 వేల పని చేసిన షెడ్లకు కొదవ లేదు.

ఇంజెక్టర్ రిటర్న్ పరీక్ష కూడా మర్చిపోవద్దు. నాలుగు రిటర్న్ పైపులకి నాలుగు చిన్న సీసాలు కట్టి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచండి. ఒక సీసా మిగతావాటికన్నా బాగా నిండితే ఆ ఇంజెక్టర్ వాల్వు అరిగింది. నాజిల్ కారుతోందా లేదా అన్నది మాత్రం సీసాల్లో తేలదు. దానికి ఇంజెక్టర్ తీసి టెస్ట్ బెంచీ మీద పెట్టాలి.

#4 ఆటోనగర్_నాలుగోరోడ్డు

అన్నా, అందరూ పాత ఇంజన్ అంటే భయపెడతారు. చూసి కొంటే భయమేం లేదు. ఇదే ఇంజన్ స్విఫ్ట్, డిజైర్, రిట్జ్‌లో లక్షల సంఖ్యలో వచ్చింది. 2020 ఏప్రిల్ బీఎస్6 కాలుష్య నిబంధనల గడువుకి ముందే మారుతి డీజిల్ ఆపేసింది గానీ పాత సరుకు ఇంకా దండిగా ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) 2015లో ఆంక్ష పెట్టింది కదా, అక్కడి బళ్ళు విప్పిన సరుకు ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్ నుంచి దక్షిణాదికి దిగుతోంది.

కొనేటప్పుడు మొదట అడగాల్సింది ‘హాఫా, ఫుల్లా’ అని. మా వైపు హాఫ్ ఇంజన్ అంటే హెడ్‌తో సహా కట్టిన ఇంజన్, కానీ ఇంజెక్టర్లు, టర్బో, డీజిల్ పంపు, ఆల్టర్నేటర్ ఉండవు. ఫుల్ అంటే అన్నీ ఉంటాయి. కొన్ని కొట్లలో హెడ్ లేని బ్లాకుని కూడా హాఫ్ అనేస్తారు. ఫోన్లో రేటు ఖాయం చేసుకుని అడ్వాన్స్ కొట్టాక ఇక్కడే గొడవ మొదలవుతుంది. ఏమేం ఉంటాయో ఫొటో మీద గీసి పంపమనండి. హాఫ్ 35 నుంచి 45 వేలు, ఫుల్ 60 నుంచి 80 వేలు నడుస్తోంది.

#5 పైసాపైసా

వీడీఐ గారూ, 85కి 55కి తేడా 30 వేలు కాదు. రెండు రేట్లలో ఉన్న సామాను వేరు. పక్కపక్కన వేసి చూడండి.

బోరు పని: పిస్టన్లు, రింగులు, పిన్నులు 10,000. మెయిన్, రాడ్ బేరింగులు 4,000. ఫుల్ గ్యాస్కెట్ కిట్, సీళ్ళు, కొత్త హెడ్ బోల్టులు 7,000. టైమింగ్ చైన్ (క్రాంకునీ వాల్వుల్నీ కలిపి తిప్పే గొలుసు) కిట్ 8,000. ఆయిల్ పంపు 5,000. వాటర్ పంపు, థర్మోస్టాట్ 5,000. లేత్ ఖర్చు (బోరింగ్, హోనింగ్ అంటే బోరు గోడని రాయితో గరుకు చేయడం, క్రాంకు, హెడ్ పని) 11,000. ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ రెండు విడతలకి 5,000. కూలి 15,000. మొత్తం 70,000.

పాత ఇంజన్: హాఫ్ ఇంజన్ 40,000. రవాణా 2,000. దించి ఎక్కించే కూలి 10,000. అవసరమైన గ్యాస్కెట్లు, సీళ్ళు 4,000. ఇక్కడికి 56,000, మీ షెడ్డు చెప్పిన 55 ఇదే. ఇందులో చైన్ కిట్ లేదు (8,000), వాటర్ పంపు, థర్మోస్టాట్ లేవు (5,000), ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ లేవు (4,000), ఆర్సీ మార్పిడి ఖర్చు లేదు (3,000 అనుకోండి). కలిపితే 76,000.

ఎవరో ఎంత తిప్పారో తెలియని ఇంజన్‌ని పాత చైన్‌తో ఎక్కించేవాళ్ళకే 56 వేలు. ఆ చైన్ తెగితే మళ్ళీ ఇంజన్ దించాలి, కూలి మళ్ళీ 10,000.

ఊరినిబట్టి, కంపెనీ సామానా బయటి సామానా అన్నదాన్నిబట్టి అయిదారు వేలు అటూ ఇటూ అవుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు సామాన్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అంతకుముందు రాసిన కొటేషన్ చూపిస్తే ఒప్పుకోకండి. ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్ నేను కలపలేదు, అవి రెండు దారుల్లోనూ ఒకటే ఖర్చు. నాలుగు ఇంజెక్టర్లు 20,000, టర్బో కోర్ 10,000, క్లచ్ సెట్ 7,000.

#6 ఆటోనగర్_నాలుగోరోడ్డు

పైసాపైసా గారి లెక్కలో తప్పు పట్టను గానీ ఒకటి మర్చిపోయారు. బోరు పనికి బండి పదిహేను రోజులు షెడ్డులో ఉంటుంది. లేత్ దగ్గర వరస, పిస్టన్ సైజు దొరక్కపోతే ఇంకో వారం. టాక్సీ బండికి రోజుకి రెండు వేలు పోతే అదే 30 వేలు. సొంత బండైతే వేరే సంగతి.

#7 బోర్‌గేజ్

ఒప్పుకుంటాను. తిరిగితేనే కూడుపెట్టే బండికి పాత ఇంజనే లెక్క కుదురుతుంది. సొంత బండికి మాత్రం కాదు.

బ్లాకు పగిలి కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంకుకి కలిపేది) బయటికి వచ్చినా, క్రాంకు విరిగినా, నీళ్ళ గదిలోకి పగులు పోయినా పాత ఇంజన్ తప్ప దారి లేదు. అలాంటప్పుడు కూడా తెచ్చినదాన్ని తెచ్చినట్టు ఎక్కించొద్దు. సంపు (కింద ఉండే ఆయిల్ తొట్టి) విప్పి ఒక రాడ్ బేరింగు, ఒక మెయిన్ బేరింగు తీసి చూడాలి. బూడిద రంగు పూత అరిగి కింద రాగి రంగు కనిపిస్తే ఆ ఇంజన్ కూడా మీ దానికి అన్నే.

#8 పాతబండి_పద్మ

కొట్లో ఇంజన్ చూసే పద్ధతి చెబుతాను, ఆటోనగర్ అన్న ఏమైనా మరిస్తే కలపండి.

ఇంజన్‌కి మీటరు ఉండదు. ‘అరవై వేలే తిరిగింది’ అంటే ఆ మీటరు బోర్డు కారుతో పాటే తుక్కులోకి పోయింది, రుజువేమీ ఉండదు. ఆయిల్ మూత తీసి లోపల టార్చి వేయండి. గోధుమ రంగు సన్నటి పూత ఉంటే మామూలు. నల్లగా వేలికి అంటుకునే తారు పేరుకుని ఉంటే ఆయిల్ సమయానికి మార్చలేదు, ఆయిల్ స్ట్రెయినర్ కూడా సగం మూసుకుపోయి ఉంటుంది. క్రాంకు పుల్లీ నట్టు మీద సాకెట్ పెట్టి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడా పట్టకూడదు. పుల్లీని ముందుకీ వెనక్కీ లాగితే చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. నేల మీద బ్యాటరీ, డీజిల్ డబ్బా కట్టి నడిపి చూపిస్తామంటే చల్లని ఇంజన్‌నే స్టార్ట్ చేయమనండి. మీరు వచ్చేలోగా వేడి చేసి పెట్టిన ఇంజన్ ఎలాగూ అందుకుంటుంది.

ఇంకోటి, వరద బళ్ళు. 2015 చెన్నై వరదలు, 2020 అక్టోబర్ హైదరాబాద్ వరదలు, 2024 సెప్టెంబర్ విజయవాడ బుడమేరు ముంపు. ఒక్కో వరద తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళు టోటల్ లాస్ కింద రాసేసిన బళ్ళు తుక్కు కొట్లకి చేరతాయి. ఇంజన్ నడుస్తుండగా నీళ్ళు పీల్చితే నీరు గాలిలా కుదించుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్‌తో కూడా ఇంజన్ స్టార్ట్ అవుతుంది, అదే దీంతో వచ్చిన చిక్కు. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత రాడ్ విరిగి బ్లాకు పగలగొడుతుంది.

#9 బోర్‌గేజ్

పద్మ గారు చెప్పిన వంగిన రాడ్‌ని హెడ్ విప్పకుండా కొలిచే ఉపాయం ఉంది. సిలిండర్ పిస్టన్‌ని పైకి తెచ్చి, గ్లో ప్లగ్ రంధ్రంలోంచి సన్నటి, వంపులేని కడ్డీ పిస్టన్‌కి తగిలేదాకా దించండి. రంధ్రం అంచు దగ్గర కడ్డీ మీద గీత పెట్టండి. క్రాంకుని మెల్లగా అటూ ఇటూ కదుపుతూ కడ్డీ ఎంత ఎత్తుకి లేస్తుందో, ఆ అత్యధిక ఎత్తునే పట్టుకోవాలి. నాలుగు సిలిండర్లకీ ఒకే కడ్డీ, ఒకే పద్ధతి. ఒకటి మిగతా మూడిటికన్నా అర ఎంఎం దిగువలో ఆగితే ఆ రాడ్ వంగింది, బేరమే వద్దు. వెర్నియర్ చాలు. రంధ్రం ఏటవాలుగా ఉంటుంది, పిస్టన్ మీద గుంట కూడా ఉంటుంది కాబట్టి విడి అంకెకి విలువ లేదు, నాలుగిటి మధ్య తేడానే చూడాలి.

#10 రైల్‌ప్రెషర్

‘ఏ మల్టీజెట్ అయినా ఒకటే’ అన్న మాట నమ్మి టాటా విస్టా ఇంజనో, ఫియట్ పుంటో ఇంజనో తేవద్దు. కుటుంబం ఒకటే కానీ మౌంటింగులు, బెల్ట్ వైపు బ్రాకెట్లు, సెన్సర్ ప్లగ్గులు తేడాగా ఉంటాయి. ఎర్టిగా, ఎస్ఎక్స్4లో వచ్చిన 90 హార్స్‌పవర్ రకానికి టర్బోయే వేరు. అది తెచ్చినా మీ 75 హార్స్‌పవర్ ఈసీయూతో (ఇంజన్ కంప్యూటర్) దాని బలం రాదు, తంటా మాత్రం వస్తుంది.

స్విఫ్ట్ ఇంజన్‌నే తెచ్చినా మీ ఇంజెక్టర్లు, డీజిల్ రైల్, సెన్సర్లు, ఈజీఆర్ (పొగని కొంత మళ్ళీ లోపలికి పంపే వాల్వు), వైరింగ్ మీవే బిగించండి. ఈసీయూ మారకపోతే తాళం చెవి ఇమ్మొబిలైజర్‌తో (దొంగతనం ఆపే లాక్) పేచీ ఉండదు. ఫుల్ ఇంజన్‌తో వచ్చిన ఇంజెక్టర్లే వాడాలనుకుంటే వాటి కోడ్ స్కానర్‌తో ఈసీయూలోకి ఎక్కించాలి. ఎక్కించకపోతే ఐడిలింగ్‌లో వణుకు, నల్ల పొగ. ఇంజెక్టర్ కింద రాగి వాషర్లు మాత్రం పాతవి మళ్ళీ పెట్టొద్దు. చవక సామాను అది, కానీ కారితే ఇంజెక్టర్ చుట్టూ నల్ల తారు గడ్డకట్టి తర్వాత ఇంజెక్టర్ ఊడి రాదు.

#11 ఆర్సీ_కాగితం

ఇంతమంది ఇంత రాశారు, ఇంజన్ నంబరు గురించి ఒక్కరూ రాయలేదు.

ఆర్సీ మీద ఇంజన్ నంబరు ఉంటుంది. ఇంజన్ మారితే అది మారుతుంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ముందు అనుమతి లేకుండా ఇంజన్ మారిస్తే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. దానికి పాత ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం కావాలి: నంబరు రాసిన బిల్లు, ఆ ఇంజన్ ఏ బండిదో ఆ బండి రద్దయిన ఆర్సీ నకలు. దొంగ బండిది కాదని తేల్చుకోవడానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) వారి వాహన్ సమన్వయ్ వెబ్‌సైట్‌లో ఇంజన్ నంబరు కొట్టి చూడొచ్చు, అడ్వాన్స్ ఇవ్వకముందే చూడండి. బిల్లు లేకుండా చవగ్గా ఇస్తామన్న ఇంజన్ ఎంత చవకైనా వద్దు. నంబరు దగ్గర గ్రైండర్ గీతలు, కొత్తగా కొట్టిన అక్షరాలు కనిపిస్తే కొట్లోంచి బయటికి వచ్చేయండి.

మీది 2012 బండి, 2027లో పదిహేనేళ్ళు నిండుతాయి. రిజిస్ట్రేషన్ పొడిగింపుకి వెళ్ళినప్పుడు ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తి నంబర్లు చూస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు కారుకి 5,000, హరిత పన్ను వేరే. నంబరు కలవకపోతే అక్కడే ఆగిపోతుంది. ఇన్సూరెన్స్ పాలసీలో కూడా పాత నంబరే ఉంటే క్లెయిమ్ వేళ అదో మెలిక.

సొంత బ్లాకుకి బోరు వేస్తే వీటిలో ఒక్కటీ అవసరం లేదు.

#12 వీడీఐ_ఖమ్మం

అందరికీ థాంక్స్. పరీక్షలు చేయించాను. కంప్రెషన్ వరసగా 24, 23, 16, 23. మూడో సిలిండర్‌లో గాలి పెడితే ఆయిల్ మూతలోంచి బుస్సున వస్తోంది, సైలెన్సర్ వైపు ఏమీ లేదు. ఆయిల్ ప్రెషర్ వేడి మీద ఐడిలింగ్‌లో 1.3. టర్బోలో ఊపు లేదు, కొద్దిగా తడి. ఇంజెక్టర్లు బెంచీ మీద పెడితే మూడోది కారుతోంది. మూడో సిలిండర్ ఒక్కదానికే రింగులు మార్చి, ఇంజెక్టర్ బాగు చేయిస్తే సరిపోదా? 25 వేలలో అయిపోతుందంటున్నారు.

#13 రైల్‌ప్రెషర్

కారణం దొరికింది. కారే నాజిల్ డీజిల్‌ని పొగమంచులా కాకుండా చుక్కలుగా వదులుతుంది. ఆ చుక్కలు బోరు గోడ మీది ఆయిల్ పొరని కడిగేస్తాయి, పిస్టన్ అంచుని కాలుస్తాయి. మూడో ఇంజెక్టర్‌కి నాజిల్ వేయించకుండా మీరు ఏ ఇంజన్ ఎక్కించినా, ఈ ఇంజెక్టర్‌నే దానికీ బిగిస్తే ఏడాదిలో మళ్ళీ అదే మూడో సిలిండర్. పాత ఇంజన్ ఎక్కించుకున్నాక ‘అదీ పోయింది, దరిద్రం’ అనే కేసుల్లో చాలావాటికి కారణం ఇదే.

డీజిల్ ఫిల్టర్ గిన్నె కూడా విప్పి చూడండి. మెరిసే లోహపు పొడి కనిపిస్తే హై ప్రెషర్ పంపు అరుగుతోంది, రైలు, పైపులతో సహా కడగాలి.

#14 బోర్‌గేజ్

ఒక్క సిలిండర్ రింగుల గురించి: 16 బార్‌కి పడిపోయిందంటే బోరులో నిలువు గీతలు పడి ఉంటాయి. గీతల బోరులో కొత్త రింగు వేస్తే గాలి ఆ గీతల్లోంచే పోతుంది. 25 వేలు పెట్టాక కూడా ఇదే పొగ చూస్తారు. ముందు హెడ్, సంపు దించండి. బోరు గేజీతో ఒక్కో సిలిండర్‌ని పైన, మధ్యన, కింద, మళ్ళీ ముందు-వెనక, అడ్డంగా అంటే ఆరేసి కొలతలు తీయించి ఇక్కడ పెట్టండి.

#15 వీడీఐ_ఖమ్మం

విప్పారు. లేత్‌లో రాసిచ్చినవి: 1, 2, 4 సిలిండర్లు పై అంచు దగ్గర 0.03 ఎంఎం దాకా అరుగుదల. మూడోది 0.09, వేలి గోటికి తగిలే గీతలు రెండు. క్రాంకు జర్నల్స్ (బేరింగులు కూర్చునే చోట్లు) నున్నగా ఉన్నాయి, సైజులోనే ఉన్నాయి. హెడ్ వంపు 0.04. మూడోదానికి మాత్రం స్లీవ్ (బోరులో దిగగొట్టే కొత్త ఇనుప గొట్టం) వేసి స్టాండర్డ్ పిస్టన్ పెడదామని ఒకరు, నాలుగూ బోరు వేద్దామని మరొకరు.

#16 బోర్‌గేజ్

నాలుగూ వేయండి. పోత ఇనుప బ్లాకులో స్లీవ్ తప్పేమీ కాదు, అది బాగా బిగువుగా దిగాలి, వేడి బ్లాకులోకి పోయే తోవ ఉండాలి. కానీ ఈ చిన్న బ్లాకులో సిలిండర్ల మధ్య గోడ ఇరుకు. స్లీవ్ కోసం ఒకదాన్ని తవ్వి పక్క రెండిటిని పాతగానే వదిలితే, స్లీవ్ గుద్దేటప్పుడు పక్క బోర్లు గుండ్రదనం తప్పే ప్రమాదం ఉంది. బోరింగ్‌కి మూడు సిలిండర్ల అదనపు ఖర్చు రెండు వేలు. పిస్టన్ల ఖర్చు ఎక్కువవుతుంది, అది నిజం.

వరస మాత్రం తప్పొద్దు: పిస్టన్లు ముందు కొని చేతికొచ్చాకే బోరు. ఓవర్‌సైజు (కోసిన బోరుకి సరిపడే పెద్ద పిస్టన్) దొరుకుతుందనుకుని బ్లాకు కోయించేసి, ఆ సైజు దొరక్క పై సైజుకి మళ్ళీ కోయించడం మామూలుగా జరిగే తప్పు. ప్రతి పిస్టన్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి, పెట్టె మీద రాసిన క్లియరెన్స్ (పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు) కలిపి, ఏ పిస్టన్‌కి ఏ బోరు అన్నది నంబరు వేసి కోయాలి. బోరు వేశాక హోనింగ్ గీతలు ఒకదాన్నొకటి దాటుతూ వల అల్లినట్టు కనిపించాలి. అద్దంలా మెరిసే బోరు చూసి మురిసిపోకండి, అందులో ఆయిల్ నిలవదు, రింగులు కూర్చోవు.

క్రాంకు సైజులో ఉంటే గ్రైండింగ్ వద్దు, పాలిష్ చాలు, స్టాండర్డ్ బేరింగులు వేయండి. అవసరం లేని గ్రైండింగ్ ఈ పనిలో అతి పెద్ద దండగ. హెడ్ 0.04 వంపుకి ఫేసింగ్ కూడా వద్దు. పిస్టన్ నెత్తికీ వాల్వుకీ మధ్య సందు ముందే తక్కువ, హెడ్ కోసేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. ప్రెషర్ పెట్టి పగుళ్ళు చూసి, వాల్వులు కూర్చోబెట్టి, వాల్వు సీళ్ళు మార్చమనండి.

లేత్ నుంచి వచ్చిన బ్లాకుని మీ కళ్ళ ముందు కడిగించండి. ఆయిల్ గ్యాలరీ (బ్లాకు లోపలి ఆయిల్ దారుల) ప్లగ్గులు తీసి, పొడుగు బ్రష్ దూర్చి, సబ్బు నీళ్ళతో. చివర్లో తెల్ల గుడ్డ ఆయిల్‌లో ముంచి బోరు తుడిస్తే బూడిద మరక అంటకూడదు. అంటితే మళ్ళీ కడగాలి. ఆ మరక హోనింగ్ రాయి పొడి. మొదటి అయిదొందల కిలోమీటర్లలో బేరింగుల్ని తినేసేది అదే.

#17 పాతబండి_పద్మ

హెడ్ గ్యాస్కెట్ మూడు మందాల్లో వస్తుంది, అంచున కోతల్ని బట్టి గుర్తుపట్టాలి. కొత్త పిస్టన్లు పెట్టాక అవి బ్లాకు పైకి ఎంత లేస్తున్నాయో డయల్ గేజీతో నాలుగూ కొలిచి, ఎక్కువ వచ్చినదాన్నిబట్టి మందం ఎంచాలి. ‘పాతదానికి ఎన్ని కోతలుంటే అదే’ అనే లెక్క ఇక్కడ చెల్లదు.

టైమింగ్ చైన్ కిట్ అంటే చైన్ ఒక్కటే కాదు. గైడులు, టెన్షనర్, గేర్లు కూడా. మార్కులు చూసి బిగించే ఇంజన్ కాదిది. క్రాంకుకి లాకింగ్ పనిముట్టు, వాల్వులు తెరిచే కామ్‌షాఫ్టులకి పిన్నులు ఉండాలి. మీ షెడ్డులో అవి ఉన్నాయా అని అడగండి, ‘వైట్‌నర్‌తో గుర్తు పెట్టుకుంటాం’ అంటే పని వేరేచోట ఇవ్వండి. చైన్ ఒక్క పన్ను తప్పితే వాల్వుల్ని నొక్కే రాకర్లు విరుగుతాయి.

#18 పైసాపైసా

సవరించిన లెక్క: నా 70,000లో క్రాంకు గ్రైండింగ్ 3,000 పోయింది. ఇంజెక్టర్ ఒకటి 5,000 కలిసింది. గేర్‌బాక్స్ ఎలాగూ విడదీస్తారు కాబట్టి క్లచ్ 7,000 కూడా ఇప్పుడే. 79,000. టర్బో అలాగే ఉంచండి, ఆయిల్ పైపు మాత్రం కొత్తది. మొత్తం 80 వేల పైచిలుకు. నడిచే స్థితిలో ఈ బండి రెండు, రెండున్నర లక్షలు పలుకుతుంది కాబట్టి గిట్టుబాటే. బాడీ తుప్పు పట్టి ఉంటే ఈ సలహా ఇచ్చేవాణ్ణి కాదు, తుక్కుకి ఇచ్చి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ (బండిని తుక్కుకి ఇచ్చినట్టు కాగితం) తీసుకోమనేవాణ్ణి.

ఆ 80లో రేడియేటర్ లేదు. ఖమ్మం బోరుబావి నీళ్ళే ఇన్నాళ్ళూ పోసి ఉంటే దాన్ని విప్పించి లోపల చూడండి. సున్నం కట్టిన రేడియేటర్‌తో కొత్త బోరు వేడెక్కి పట్టేస్తే ఎవరి పూచీ ఉండదు.

#19 వీడీఐ_ఖమ్మం

నాలుగూ బోరుకే ఇస్తున్నాను. పిస్టన్ సెట్ చేతికొచ్చింది. రేడియేటర్ విప్పితే సగం గొట్టాలు తెల్లగా మూసుకుపోయి ఉన్నాయి, కొత్తది వేస్తున్నాం. ఇక స్టార్ట్ చేసేటప్పుడు, తర్వాత నడిపేటప్పుడు ఏం చూసుకోవాలి? వెయ్యి కిలోమీటర్ల తర్వాత హెడ్ బోల్టులు మళ్ళీ బిగించాలని మెకానిక్ అంటున్నారు.

#20 బోర్‌గేజ్

ఫిల్టర్ నిండా ఆయిల్ పోసి బిగించండి. టర్బో ఆయిల్ పైపు ఊడదీసి అందులో ఆయిల్ పోయండి. ఇంజెక్టర్ కనెక్టర్లు తీసేసి, పది పది సెకన్లు సెల్ఫ్ కొడుతూ మధ్యలో స్టార్టర్ చల్లారనివ్వండి. డాష్‌బోర్డు మీద ఆయిల్ దీపం ఆరాకే కనెక్టర్లు పెట్టి స్టార్ట్ చేయాలి. స్టార్ట్ అయ్యాక గంటసేపు ఐడిలింగ్‌లో వదిలేసే అలవాటు ఉంది మన షెడ్లలో. అది మానిపించండి. బరువు లేకుండా తిరిగితే రింగులు గోడకి ఒత్తుకోవు, హోనింగ్ గీతలు ఊరికే నున్నబడిపోతాయి. నీళ్ళు వేడెక్కి, లీకులు లేవని చూసుకోగానే రోడ్డెక్కండి. మొదటి వెయ్యి కిలోమీటర్లు 3000 ఆర్‌పీఎం దాటకుండా, ఒకే వేగంలో కాకుండా, మూడో నాలుగో గేరులో కాస్త లాగుతూ వదులుతూ నడపాలి. టాప్ గేరులో ఈడ్చడం, నలుగురితో ఘాట్ ఎక్కడం అప్పుడే వద్దు.

500 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చండి. తీసిన ఫిల్టర్‌ని కోసి కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. సన్నటి బూడిద పొడి కొద్దిగా ఉంటే రింగులు కూర్చుంటున్నాయని అర్థం. అయస్కాంతానికి అంటని, మెరిసే రేకులు కనిపిస్తే అవి బేరింగువి, అక్కడే బండి ఆపి ఫోన్ చేయండి. రెండో మార్పు 2,000కి. సంపులో పట్టేదే మూడు లీటర్ల చిల్లర, మొదటి రెండు వేలు ప్రతి ఆదివారం డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ తగ్గితే చైన్ టెన్షనర్‌కి బలం చాలదు, అది ఆయిల్ ప్రెషర్ మీదే నిలబడుతుంది.

హెడ్ బోల్టులు మళ్ళీ బిగించనివ్వొద్దు. ఇవి టార్క్ పెట్టాక డిగ్రీల్లో తిప్పి సాగదీసే రకం, పాతవి మళ్ళీ వాడకపోవడానికి కారణం కూడా అదే. వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఇంకాస్త తిప్పితే ఇంకాస్త సాగుతాయి, ఎక్కువైతే తల ఊడి చేతికొస్తుంది.

#21 వీడీఐ_ఖమ్మం

సరే అన్నా. ఫిల్టర్ కోసినప్పుడు ఫొటో పెడతాను.